నవ్వుకి మందుచీటీ

మొన్న ఉగాది సంబరాల్లో పులిహోర కోసం వరసలో నిలబడి ఉండగా ఒక మిత్రుడు నన్ను పక్కకి పిలిచారు. "డాక్టరుగారూ, మావాడు ఎంతసేపూ ఆ బొమ్మల పుస్తకాలే పట్టుకు కూర్చుంటాడు. అవి మెదడుకి చెరుపు చేస్తాయని మీరొక్క మాట చెప్పండి. నేను చెప్తే వినడు, మీరు చెప్తే వింటాడు" అన్నారు. మొహమాటానికి సరేనన్నాను. పదకొండేళ్ళ కుర్రాణ్ణి పిలిచి, గొంతు కాస్త గంభీరంగా పెట్టి, ఆ నాలుగు మాటలూ చెప్పాను. వాడు బుద్ధిగా తల ఊపి వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యాక బల్లలు సర్దుతుంటే వాడు వదిలేసిన కాగితం పళ్ళెం ఒకటి నా కంట పడింది. దాని వెనక పెన్నుతో బొమ్మ గీసి ఉంది. కళ్ళజోడు, బట్టతల చూస్తే అది నేనేనని ఎవరూ చెప్పక్కర్లేదు. బల్లమీద ఒక కామిక్సు పుస్తకాన్ని పడుకోబెట్టి, దాని గుండెమీద స్టెతస్కోపు ఆనించి, ముఖం చిట్లించి వింటున్నాను. గది మూల స్టూలుమీద ఒక పిల్లవాడు తన వంతు కోసం కాచుకుని ఉన్నాడు. వాడికేసి నేను చూడనైనా చూడటం లేదు.

నవ్వొచ్చింది. ఆ వెనకనే సిగ్గూ వేసింది. నేను పుస్తకాన్ని పరీక్షించాను గాని పిల్లవాణ్ణి పరీక్షించలేదు. నా మాటకి ఆధారం ఏమిటి? ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక పట్టా, దానిమీద పదిమందికీ ఉన్న గౌరవం. తెలియని సంగతికి ఆ గౌరవాన్ని అరువివ్వడం తప్పా, మంచి కోసమే గనక ఒప్పా? ఈ ప్రశ్న ఎదుర్కొన్న వైద్యుణ్ణి నేనొక్కణ్ణే కాదు.

ఫ్రెడ్రిక్ వెర్థామ్ అని జర్మనీలో పుట్టి అమెరికా వచ్చిన మానసిక వైద్యుడు ఉండేవాడు. ఆయన సామాన్యుడు కాడు. 1946లో న్యూయార్కు హార్లెమ్‌లో ఒక చర్చి నేలమాళిగలో లఫార్గ్ క్లినిక్ పెట్టి, పావు డాలరు ఫీజుతో, అదీ ఇచ్చుకోగలిగితేనే, నల్లజాతి పేదలకి వైద్యం చేశాడు. తెల్లపిల్లలకొక బడి, నల్లపిల్లలకొక బడి అన్న పద్ధతి పసి మనసులకి ఎంత హాని చేస్తుందో 1951లో డెలావేర్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 1954లో సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టేసిన తీర్పులో కలిసిన కేసుల్లో అదీ ఒకటి. అంతటివాడు అదే 1954లో 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' అనే పుస్తకం రాసి, పిల్లల నేరాలకి కామిక్సు పుస్తకాలు ఒక ముఖ్యకారణం అన్నాడు. ఏప్రిల్‌లో సెనేటు ఉపసంఘం ముందు అదే చెప్పాడు.

ఆయన తర్కం చూడండి. తన దగ్గరకొచ్చిన దుడుకు పిల్లలందరూ కామిక్సు చదువుతున్నారు, కాబట్టి దుడుకుతనానికి కామిక్సే కారణం. కాని ఆ రోజుల్లో అమెరికాలో కామిక్సు చదవని పిల్లలే అరుదు. జలుబుతో వచ్చిన ప్రతి రోగీ పెరుగన్నం తిన్నవాడే గనక జలుబుకి పెరుగే కారణమని మన పెద్దలు అనేవారు కాదూ, ఇదీ అలాంటిదే. పెరుగు తిని కూడా జలుబు చెయ్యనివాళ్ళు ఆస్పత్రికి రారు గదా!

ఆ విచారణలోనే కార్టూనిస్టుల సంఘం తరఫున వాల్ట్ కెల్లీ కూడా సాక్ష్యం చెప్పాడు. ఫ్లోరిడా, జార్జియా సరిహద్దున ఉన్న ఓకీఫెనోకీ చిత్తడి అడవిలో మొసలీ, గుడ్లగూబా, పోగో అనే పోసమ్ జంతువూ మాట్లాడుకునే కథ ఆయనది. పైకి పిల్లల బొమ్మలు, లోపల రాజకీయం. సెనేటర్ మెకార్తీ పేరు చెబితే దేశం వణికే 1953లో ఆయన్ని అడవిపిల్లి చేసి కథలో ప్రవేశపెట్టాడు. ఆ ముఖం మళ్ళీ కనబడితే మీ బొమ్మలు ఆపేస్తామని రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్సు పత్రిక బెదిరించింది. కెల్లీ ఏం చేశాడు? ప్రావిడెన్సు నుంచి ఒక కోడి వస్తోందని కథ నడిపి, ఆ కోడి కంట పడకుండా అడవిపిల్లి తలకి సంచీ తగిలించాడు. పత్రిక మాటా నెగ్గింది, కెల్లీ మాటా నెగ్గింది.

అలాంటివాడు సెనేటు ముందు మహోపన్యాసమేమీ ఇవ్వలేదు. ఒకప్పుడు తానూ కామిక్సు పుస్తకాలని బాగుచేద్దామని బయలుదేరాననీ, జానపద కథలూ, రంగు లాగులు తొడిగిన చిన్న జంతువులూ పెట్టి నడిపిన ఆ పుస్తకం కాస్తా మూతపడ్డాక, ఇది పైకి కనిపించినంత తేలికైన పని కాదని తెలిసొచ్చిందనీ అన్నాడు. నాకు నచ్చింది ఆ ఒప్పుకోలు. ఆ గదిలో తనకు తెలియనిదాన్ని తెలియదన్నది హాస్యగాడు. అంతా తెలుసునన్నది వైద్యుడు.

ఆ ఏడు చివరకి ప్రచురణకర్తలు ప్రభుత్వానికి భయపడి తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు. ఇందులో వెర్థామ్‌ని పూర్తిగా తప్పుపట్టకూడదు. ఆయన అడిగింది పిల్లలకి అమ్మకుండా ఒక చట్టం. ఈ నియమావళి ఆయనకీ నచ్చలేదు. కాని ఆయన రగిల్చిన భయం లేకపోతే అది పుట్టేది కాదు. రక్తపిశాచులు వద్దు, నడిచే శవాలు వద్దు అన్నారు. పోనీ అనుకుందాం. పోలీసులకీ, జడ్జీలకీ, ప్రభుత్వాధికారులకీ అగౌరవం కలిగేలా చూపరాదని కూడా అందులోనే రాశారు. పిల్లల ఆరోగ్యం పేర మొదలైన వైద్యం పెద్దల కుర్చీలకి కాపలాగా ముగిసింది.

ఇంకొక విచిత్రం. జాతివివక్ష పాటించే ఒక రోబోల గ్రహాన్ని ఒక వ్యోమగామి పరీక్షించి తిరిగి వెళ్తూ శిరస్త్రాణం తీస్తాడు. అతను నల్లజాతివాడు. ఆ కామిక్సు కథని 1956లో మళ్ళీ అచ్చువెయ్యబోతే, ఆ ముఖం మార్చమని నియమావళి అధికారి పట్టుబట్టాడు. ప్రచురణకర్త విలియమ్ గెయిన్స్ దెబ్బలాడి దాన్ని ఉన్నదున్నట్టు వేశాడు. నల్లపిల్లల కోసం కోర్టులో సాక్ష్యం చెప్పిన మహానుభావుడి భయంలోంచి పుట్టిన నియమం చివరకి ఒక నల్లని ముఖాన్ని చెరపబోయింది! మంచి ఉద్దేశం ఎక్కడికి చేరుతుందో ఉద్దేశించినవాడి చేతిలో ఉండదు.

ఆ తరువాత 2010లో వెర్థామ్ కాగితాలు పరిశోధకులకి అందుబాటులోకి వచ్చాయి. కరోల్ టిల్లీ అనే ఆచార్యురాలు వాటిని ఆయన పుస్తకంతో పోల్చి 2012లో వ్యాసం ప్రకటించింది. పిల్లల వయసులు మార్చడం, మాటలు అటూ ఇటూ కలపడం, ఇంట్లోని ఇతర కారణాలు వదిలెయ్యడం లాంటివెన్నో బయటపడ్డాయి. ఆయన డబ్బు కోసం చేశాడని నేననుకోను. జబ్బు ఏమిటో ముందే తేల్చుకుని, రోగిని దానికి సరిపడేట్టు దిద్దాడు.

మరి వైద్యుడు సాక్ష్యం సంపూర్ణమయ్యేదాకా నోరు మూసుకు కూర్చోవాలా అని మీరడగవచ్చు. అక్కర్లేదు. సరిగ్గా నూరేళ్ళ ముందు, 1854లో, లండనులో కలరా ప్రబలితే జాన్ స్నో అనే వైద్యుడు క్రిమి పేరైనా తెలియకుండానే బోరింగు పిడి తీయించాడు. కాని ఆయన చచ్చిపోయినవాళ్ళని మాత్రమే లెక్కించలేదు. ఆ వీధిలోనే ఉన్న బీరు కార్ఖానా కూలీలు ఎందుకు బతికారని కూడా అడిగాడు. వాళ్ళు ఆ బోరింగు నీళ్ళు తాగేవారు కారు. తన మాటకి అడ్డువచ్చే మనిషిని వెతుక్కుంటూ వెళ్ళడమే ఆయన నిజాయితీ.

ఇంతకీ నాకు తోచింది ఇది. అతిశయోక్తి కార్టూనిస్టుకి హక్కు, వైద్యుడికి నేరం. మంత్రిగారి ముక్కు మూరెడు గీస్తే ఆ ముక్కు అంత ఉందని ఎవరూ నమ్మరు. గీసినవాడికీ చూసినవాడికీ అది ఒప్పందమే. తెల్లకోటు వేసుకున్నవాడు గోరంతని కొండంత చేస్తే అది కొండేనని జనం నమ్ముతారు. వెర్థామ్ గీసింది వ్యంగ్యచిత్రం. కింద చేసిన సంతకం మాత్రం డాక్టరుది. అలాగని కార్టూనిస్టు ఎప్పుడూ ఒప్పేనని కాదు. బలహీనుణ్ణి గేలిచేసి పొట్టపోసుకున్నవాళ్ళూ ఉన్నారు. కాని వాడి తప్పు కాగితంమీద అందరికీ కనబడుతూనే ఉంటుంది. నా తప్పు మందుచీటీలో దాక్కుంటుంది.

చిన్నప్పుడు చందమామలో బేతాళ కథలు చదవనివాళ్ళం మనలో ఎందరు? భుజాన శవం, శవంలో బేతాళుడు, చుట్టూ శ్మశానం. ఆ నియమావళి మన ఊళ్ళో ఉంటే అచ్చయ్యేవి కావు. చదివి మనమెవరమూ చెడిపోలేదు సరిగదా, ప్రతి కథ చివరా ఒక ధర్మసందేహం తగిలించుకుని నిద్రపోయాం. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందనేవాడు బేతాళుడు. తెలియకుండా చెబితే ఏమవుతుందో ఎప్పుడూ చెప్పలేదు.

మరుసటి ఆదివారం మిత్రుడింటికి వెళ్ళి, ఆ కుర్రాడితో, "నేను చెప్పినదానికి నా దగ్గర రుజువు లేదు నాయనా, నువ్వు గీసిన బొమ్మే రైటు" అన్నాను. వాళ్ళ నాన్నగారి ముఖం కొంచెం చిన్నబోయింది. కుర్రాడు లోపలికెళ్ళి తన పుస్తకాలు తెచ్చి నా ముందు పరిచాడు. రెండు గంటలు కూర్చుని చదివాను. రెండు బాగున్నాయి, ఒకటి ఒట్టి చెత్త. వాడి అభిప్రాయమూ అదే.

సభ్యులలో తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ఈ విషయమై వారి అనుభవాలు, ముఖ్యంగా నా మాటకి అడ్డువచ్చేవి, వచ్చే సంచికకి రాయవలసిందిగా కోరుతున్నాను.