నోరు చూసినోడెవరప్పా?

సికింద్రాబాద్ నుంచి దిగొచ్చే రైలు లైనూ, గుంతకల్లు నుంచి నంద్యాలకు పోయే లైనూ కలిసేది డోన్‌లో. అందుకే స్టేషన్ బయట టీ బంకు దగ్గర మనిషికో ఊరు, ఊరికో వైద్యం. అక్కడ కాలునొప్పికి మందు అడిగినోడికి కడుపునొప్పికి కూడా కలిపి చెప్పి పంపుతారు.

ఆ బంకు దగ్గరికి ఒకనాటి పొద్దున ఒక లారీ డ్రైవరు దవడ పట్టుకుని వచ్చినాడు. బేతంచెర్ల బండలు బెంగళూరు వైపు తోలే పిల్లోడు, పాతికేండ్లుంటాయి. కింద కుడిపక్క, అన్నిటికన్నా వెనకాల పన్ను సగం లేచి సగం చిగురు కిందే ఆగిపోయింది. రాత్రి జొన్నరొట్టె ఎడమపక్కనే నమిలి నమిలి విసుగొచ్చి, సగం రొట్టె తట్టలోనే వదిలేసినాడు.

"జ్ఞానదంతం గదప్పా అది! దానికింత బాధ ఏంటికి?" అన్నాడు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన పెద్దాయన. "నేనూ పీకించుకున్యా. సూది పొడిచినారు, పట్టుకారు పెట్టినారు, వచ్చేసింది. చీమ కుట్టినట్లు కూడా లేదు. సాయంత్రం డ్యూటీకి పోయినా."

డ్రైవరుకు ధైర్యమొచ్చింది. ఆ ధైర్యం టీ చల్లారేదాకా కూడా నిలవలేదు.

"ఊరుకోన్నా, పిల్లోన్ని బావిలోకి తోస్తాండావు," అన్నాడు బట్టల షాపులో లెక్కలు రాసే ఆయన. "నాది గంటన్నర కోసినారు. ఎముక చెక్కినారు. కింద పెదవి ఆరు నెలలు మొద్దుబారిపోయింది. టీ తాగితే గడ్డం మీద కారేది, నాకు తెలిసేది కాదు."

రాతిపొడి మిల్లు మేస్త్రీ నవ్వినాడు. "పీకించుకునేంత ఖర్మ ఏంటికి? వాకుడు గింజలు నిప్పుల మీద ఏసి పొగ పట్టు. పురుగు రాలిపోతాది. మా తమ్మునికి నాలుగు పడినాయి, తెల్లగా, నా కండ్లతో చూసినా."

రిటైరైన బస్సు కండక్టరు మెల్లగా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పన్ను పీకితే కండ్లు పోతాయి నాయనా. మా బావకట్లే అయింది."

"అది పై పన్నుకు గద మామా? నాది కిందిది."

"కిందిదైనా నరం పైకే గదా పోయేది!"

దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

డ్రైవరు మంచోడు. ఎవర్నీ నొప్పించలేదు, అందరి మాటా విన్నాడు. ఆ సాయంత్రం వాకుడు పొగ పట్టినాడు. రాత్రి లవంగం నొక్కిపెట్టుకున్నాడు. మరుసటి రోజు లారీలో క్లీనరు ఇచ్చిన పొగాకు పెట్టుకుని కండ్లు తిరిగి రోడ్డు పక్కన ఆపుకున్నాడు. మందుల షాపులో "మొన్న ఎవరికో ఇచ్చినారే, ఆ మాత్రలు" అని అడిగి తెచ్చుకుని, రెండు పూటలు వేసుకుని, నొప్పి తగ్గగానే మిగిలినవి డాష్‌బోర్డులో పడేసినాడు. నొప్పి నిజంగానే పోయింది. బంకు దగ్గరికొచ్చి నలుగురికీ టీ ఇప్పించినాడు. ఎవరి వైద్యం పనిచేసిందని నలుగురూ కాసేపు వాదులాడుకున్నారు కూడా.

నెల తిరక్కముందే మళ్లీ లేచింది. ఈసారి పెనుకొండ దాటినాక ఢాబాలో రొట్టె తుంచి నోటి దగ్గర పెట్టుకుంటే నోరు తెరుచుకోలేదు. పండ్ల మధ్య వేలు దూరేంత సందు కూడా లేదు. చెంప ఉబ్బింది, ఒళ్లు కాలిపోతాంది. బండి ఇంకో డ్రైవరుకు అప్పజెప్పి ఇల్లు చేరినాడు.

ఇంట్లో వాళ్ల అవ్వ గంజి కాచి, చెంచాతో పెదవుల సందులోంచి తాపింది. తాపుతానే అడిగింది. "ఊర్లో అందరూ ఏందేందో చెప్పినారంటివే. నీ నోరు తెరిచి ఎవురు చూసినార్రా అబ్బీ?"

వాడు ఒక్కొక్కరినీ గుర్తు చేసుకున్నాడు. గ్యాంగ్‌మన్ చూడలేదు. లెక్కల ఆయన చూడలేదు. మేస్త్రీ, కండక్టరు, మందుల షాపాయన, ఎవరూ చూడలేదు. అద్దంలో తాను కూడా సరిగ్గా చూసుకోలేదు.

"సంతలో ఎద్దును కొనాలంటే మూతి పైకెత్తి పండ్లు చూస్తాం. పక్కనోని ఎద్దు కత చెప్పి బేరం చేస్తే ఒప్పుకుంటామా?" అన్నది అవ్వ. తెల్లారి బస్సెక్కించింది.

2022 ఏప్రిల్ నుంచి డోన్ నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ, పన్ను నొస్తే జనం కాళ్లు పోయేది ఇప్పటికీ కర్నూలుకే. అక్కడ పండ్ల డాక్టరమ్మ వాడి మాట సగంలోనే ఆపి, లైటు వంచి, తెరుచుకున్నంత మేరకే నోటిలోకి చూసింది. దవడ మొత్తం పడే ఎక్స్‌రే తీయించింది. నల్లటి ఫిల్ములో వాడి పన్ను నిలబడి లేదు. పడుకుని ఉంది, ముందు పన్ను నడుముకు తల ఆనించి. దాని మీద చిగురు మూతలా కప్పుకుని ఉంది. ఆ మూత కింద పిచికారీతో కడిగితే ఎప్పటిదో జొన్న పొట్టు, చీము బయటికొచ్చినాయి.

"ఇప్పుడే పీకేయండి మేడం, పోతాంది పీడ."

"ఇప్పుడు కాదు. చీము ఉన్న చోట మత్తు సరిగ్గా ఎక్కదు. మాత్రలు రాస్తాను, ఒక్కటి కూడా వదలకుండా వాడు. నోరు తెరుచుకున్నాక రా."

పోయినాడు. సూది పడిన కాసేపటికి సగం పెదవి, సగం నాలుక వాడివి కాకుండా పోయినాయి. చిగురు కోసి వెనక్కి మడిచినారు. డ్రిల్లు చప్పుడు చెవిలో కాదు, పుర్రెలో వినిపించింది. డాక్టరమ్మ పన్నును రెండు ముక్కలు చేసింది, లేకపోతే ముందు పన్ను అడ్డం. దవడ మీద బలంగా నొక్కుతున్నట్టు తెలుస్తాంది, నొప్పి లేదు. స్టీలు గిన్నెలో ఒక ముక్క టంగుమన్నది. కాసేపటికి రెండోది. నల్లదారంతో కుట్లేసి, దూది గుడ్డ కరిచి పట్టుకోమన్నది.

"ఈ రోజంతా పుక్కిలించొద్దు, ఉమ్మొద్దు, స్ట్రాతో తాగొద్దు. బీడీ, గుట్కా ముట్టొద్దు."

"ఉమ్మకుండా ఎట్ల మేడం?" అని సైగ చేసినాడు వాడు.

"మింగు. గుంతలో గడ్డకట్టిన రక్తమే నీకు కట్టు. అది ఊడితే మూడో రోజున నన్ను తిట్టుకుంటావు."

ఎడమపక్క పన్ను కూడా తీసేయమన్నాడు, ఎట్లా వచ్చినా గదా అని. ఆమె ఫిల్ము చూపించింది. అది నిటారుగా వచ్చింది, బ్రష్ అందుతాంది, కొరకడానికి పనికొస్తాంది. దాన్ని పీకేది లేదన్నది.

వాపు దిగినాక డ్రైవరు బంకు దగ్గరికొచ్చినాడు. ఆ రోజు అక్కడ మిల్లులో మూటలు మోసే కుర్రోడు చెంప పట్టుకుని కూర్చున్నాడు. "ఏముండదప్పా! నాకూ అట్లే," అని డ్రైవరు మొదలుపెట్టినాడు. సూది దగ్గర్నుంచి ఎత్తుకుని, డ్రిల్లు చప్పుడు నోటితో చేసి చూపించి, పన్ను ముక్కల దగ్గరికొచ్చేసరికి కుర్రోని మొహంలో నెత్తురు లేదు. టీ ఆవిడ గ్లాసు కింద పెట్టి, ఫోన్లో లైటు వేసి అడ్డం వచ్చింది.

"నీ కత తర్వాత. ముందు నోరు తెరువు నాయనా... ఎర్రగా ఉండాది. కర్నూలు బస్సు ఇప్పుడే ఉండాది, పో."

నీతి: నొస్తున్నవాడికి మన నొప్పి కథ వైద్యం కాదు. వాడి నోరు తెరిచి చూసేవారి దగ్గరికి పంపడమే సాయం.

ఈ కథలో నాకు నచ్చింది, అనుభవం చెప్పినవాళ్లలో ఒక్కరూ అబద్ధమాడకపోవడం. చిక్కంతా అక్కడే ఉంది. గ్యాంగ్‌మన్‌ది నిటారుగా వచ్చిన పన్నై ఉంటుంది, అదీ పై దవడదైతే ఎముక కాస్త మెత్తన, నిమిషాల్లో వచ్చేస్తుంది. లెక్కల ఆయనది ఎముకలో కూరుకుపోయిన కింది పన్ను. కింది దవడ ఎముకలోంచి పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చే నరం పోతుంది. వేర్లు దాన్ని ఆనుకుని ఉంటే తీసేటప్పుడు నరం నలిగి తిమ్మిరి పడుతుంది. ఎక్కువమందికి వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది, కొద్దిమందికి మిగిలిపోతుంది. రెండింటి పేరూ జ్ఞానదంతమే, ఇద్దరి ఎక్స్‌రేలూ వేరు. నొప్పి తెలియకుండా చేసే లిగ్నొకేన్‌ను 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారు చేశాడు. ఆ మందు మాత్రం ఇద్దరికీ ఒక్కలాగే పనిచేసి ఉంటుంది.

మేస్త్రీ మాట కాస్త వేరు. పంటి పురుగు లేదని ఫ్రాన్సులో పియెర్ ఫొషార్ 1728లోనే పుస్తకంలో రాశాడు. అయినా మన సంతల్లో పురుగు ఇంకా రాలుతూనే ఉంది. దానికి కారణం జనం తెలివితక్కువతనం అనను. పన్ను మీది చిగురు వాపుకు వచ్చిపోయే గుణం ఉంది. తనంతట తాను తగ్గే రోజుల్లో పొగ పట్టినవాడికి పొగే తగ్గించినట్టుంటుంది, సగం మాత్రలు మింగినవాడికి మాత్రలే తగ్గించినట్టుంటుంది. మూత కింద తిండి మళ్లీ చేరుతుంది, మళ్లీ లేస్తుంది. ఇక కండ్లు పోవడమంటారా, పంటికి పోయే నరం వేరు, చూపు నరం వేరు.

అట్లాగని పాతికేళ్లు రాగానే ఉన్న నాలుగూ పీకించుకోమని కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి దారి చూపే నైస్ సంస్థ, జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని 2000లో చెప్పింది. అట్లా వదిలేస్తే కొందరికి ముందున్న పన్ను పుచ్చిపోతోందని అక్కడి సర్జన్లే తర్వాత వాదించారు. ఆ వాదన తెగేది ఎవరి ఫిల్ములో వాళ్లకే. డాక్టరమ్మ ఒకటి తీసి ఒకటి ఉంచిందంటే అందుకే.

మూడో రోజు, నాలుగో రోజు తగ్గాల్సిన నొప్పి చెవిదాకా లాగుతూ పెరిగిందంటే గుంతలో గడ్డ ఊడినట్టే. బీడీ తాగేవాళ్లకు ఇది ఎక్కువ. భయపడే పని లేదు, పోతే కడిగి మందు పెడతారు. భయపడాల్సింది ఇంకొకటి ఉంది. జర్మనీలో లుడ్విగ్ అనే వైద్యుడు 1836లో వివరించిన వాపు అది. కింది దవడ వెనక పండ్ల చీము నాలుక కిందికి, గొంతు మీదికి పాకి ఊపిరికే అడ్డం పడుతుంది. మన డ్రైవరుకు వాపు చెంపలోనే ఆగింది. కిందికి దిగి ఉంటే అవ్వకు గంజి కాచే వ్యవధి ఉండేది కాదు. గుటక పడకపోయినా, మాట ముద్దగా వస్తున్నా, గడ్డం కింద గట్టిగా వాచినా తెల్లారే బస్సు కోసం చూడకుండా అప్పటికప్పుడు 108కి ఫోన్ చేయాలి.