దానపత్రంలో ఒక్క వాక్యం

మా అవ్వకు అత్తిబెలె దగ్గర కొంచెం భూమి ఉంది. తాత పోయినాక అది అవ్వ పేరుకు వచ్చింది. ఒకప్పుడు అందులో రాగులు పండించేవాళ్ళు. ఇప్పుడు చుట్టూ లేఅవుట్లే. హొసూరు రోడ్డు పక్కన భూమి ధర ఎట్లా ఉంటుందో ఇక్కడి వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

పోయిన సంక్రాంతికి ఇంట్లో ఆ మాట వచ్చింది. భూమిని నాన్న పేరిట, చిన్నాన్న పేరిట దానపత్రం రాసేద్దామన్నారు. అవ్వ వెంటనే ఒప్పుకుంది. పత్రాలు రాసే ఆయన మాత్రం, "అమ్మా, కొడుకులు నిన్ను చూసుకోవాలని ఒక షరతు రాయమంటావా?" అని అడిగాడు. అవ్వకు కోపం వచ్చింది. "నా కడుపున పుట్టినోళ్ళ మీద నేనే షరతు పెట్టాల్నా? నాకేం ఖర్మ!" అంది. చిన్నాన్న నవ్వేశాడు. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆ ప్రశ్న నా మనసులో ఉండిపోయింది. షరతు రాయడం అంటే ప్రేమను అవమానించడమేనా?

మా వీధి చివర ఒక పెద్దామె ఉంది. ఇల్లు కొడుకు పేరుకు రాసిచ్చి, ఇప్పుడు మెట్ల కింద గదిలో ఉంటుంది. ఎవరు అడిగినా "బాగానే చూస్తున్నాడు" అంటుంది. పాలకు మాత్రం మా అమ్మ దగ్గర డబ్బు అడుగుతుంది.

మా సోషల్ టీచర్‌ను అడిగితే, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చిందని చెప్పారు. తమ సంపాదనతో, ఆస్తితో బతకలేని తల్లిదండ్రులు, 60 ఏళ్ళు నిండిన పెద్దలు ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. మన కర్ణాటకలో అసిస్టెంట్ కమిషనర్ దాన్ని విచారిస్తారు. వకీలు లేకుండానే వెళ్ళవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. కొడుకులే కాదు, కూతుళ్ళు, మైనారిటీ తీరిన మనవళ్ళు, మనవరాళ్ళు కూడా బాధ్యులే. అంటే ఇంకో మూడేళ్ళకు నేను కూడా! ఇది తెలిసి ఉలిక్కిపడ్డాను. అంతవరకు నేను తీర్పు చెప్పేవాళ్ళ వైపు ఉన్నాననుకున్నాను.

అందులో 23వ సెక్షన్ మా అవ్వ సంగతే. చూసుకోవాలనే షరతుతో ఆస్తి రాయించుకున్నవాళ్ళు చూడకపోతే, ఆ దానం మోసంతోనో బలవంతంతోనో జరిగినట్టు లెక్క. ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయవచ్చు. కానీ ఆ షరతు ఉండాలి. షరతు ఉన్నట్టు తేలకపోతే ఈ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, చట్టాన్ని పెద్దలకు మేలు జరిగేట్టు అర్థం చేసుకోవాలని చెప్పి, కొడుక్కిచ్చిన దానాన్ని రద్దు చేసింది. అయితే అక్కడ చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది.

అంటే అనుమానించిన తల్లికి రక్షణ ఉంది, నమ్మిన తల్లికి లేదు. ఇదేం న్యాయం అనిపించింది. కానీ కోర్టుకు మాత్రం మనసు ఎట్లా కనపడుతుంది? పెద్దవాళ్ళు చెప్పిందల్లా నమ్మాలన్నా కుదరదు. మన బెంగళూరులోనే అత్తమామలు ఈ చట్టం కింద కోడలిని ఇల్లు ఖాళీ చేయించబోయారు. గృహహింస చట్టం ఆడవాళ్ళకు ఇచ్చిన నివాస హక్కును ఈ చట్టంతో తీసేయకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు అడ్డుకుంది.

కన్నవాళ్ళను చూడని కొడుకు మీద వేమన చెప్పిన పద్యం మనమందరం కంఠస్థం చేశాం. ఇంక కాగితం ఎందుకు అని నా స్నేహితురాలు అడిగింది. మా అమ్మ, అత్త కలిసి చీటీ వేస్తారు. ప్రతి నెలా పుస్తకంలో రాసుకుంటారు. నమ్మకం లేక కాదు, రేపు మాట రాకూడదని. చీటీకి లేని అవమానం భూమికి ఎందుకు వస్తుంది?

ఎందుకంటే, ఆ షరతు అవ్వ నోటితో చెప్పించాలని చూశాం. అడిగేది ఆమె అయితే అది అనుమానం లాగా ఉంటుంది. తీసుకునేవాళ్ళే "రాయించమ్మా" అంటే అందులో అవమానం ఏముంది? అది కొడుకులు అడగాల్సిన షరతు. ఈ మాట నాన్నతో అన్నాను. కాసేపు ఊరుకుని, "ఎట్లా రాయాలో నువ్వే రాసి చూపించు" అన్నాడు.

మూడుసార్లు కొట్టేసి రాశాను. పోషణ అంటే తిండి, బట్ట, ఇల్లు, వైద్యం అని చట్టం చెబుతుంది. పక్కన కూర్చుని మాట్లాడటం అందులో లేదు. అది రాయవచ్చో లేదో తెలియక వదిలేశాను. పోయిన ఆదివారం అవ్వకు చదివి వినిపించాను. ఈసారి కోప్పడలేదు. అంతా విని, "మన ఆవును అమ్మగూడదని యాడా లేదే?" అంది. అది కూడా చేర్చాను.