పిడికిట్లో ఇప్పపువ్వు

బస్తర్ వారపు సంతలో ఇప్పపువ్వు కొనేవారు గుప్పెడు తీసి నలిపి, తడి ఉన్నదో లేదో చూశాకే ధర మాట్లాడుతారు. తడి తూకాన్ని పెంచుతుంది గాని సరుకును పెంచదు. సాధారణ ప్రేక్షకుడు సినిమాను పరీక్షించే తీరు కూడా ఇదే.

2017లో అమిత్ మసూర్కర్ తీసిన ‘న్యూటన్’ చిత్రంలో ఒక చిన్న ఉద్యోగి దండకారణ్యంలో పోలింగ్ కేంద్రం తెరిచి, కొద్దిమంది ఓటర్ల కోసం ఎదురుచూస్తాడు. ఆ నిరీక్షణే ఉత్కంఠ అవుతుంది. 2024 నాటి ‘బస్తర్: ది నక్సల్ స్టోరీ’ హింసను తెరనిండా పరుస్తుంది, ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు గాని, ఊరు మాత్రం అతనికి పరిచయం కాదు. అది తడి తూకం.

అయితే అతిశయోక్తి అంతా తడి కాదు. ‘ఆర్ఆర్ఆర్’లో గోండు వీరుడు కొమురం భీము పులితో తలపడినప్పుడు, అది చరిత్ర కాదని తెలిసీ ప్రేక్షకుడు ఈల వేస్తాడు, ఎందుకంటే ఆ చిత్రం తాను జానపద కథనని దాచుకోదు.

పులి విషయానికి వస్తే, బస్తర్‌కు మరొక చిత్రం ఉంది. 1950లలో స్వీడన్ దర్శకుడు ఆర్నె సక్స్‌డార్ఫ్ నారాయణ్‌పూర్ దగ్గరి గఢ్ బెంగాల్ గ్రామపు బాలుడు చెంద్రూను తెరకెక్కించాడు. గోండులలో ఒక శాఖయైన మురియాలకు చెందిన ఆ బాలుడు పులితో పోరాడలేదు, ఆడుకొన్నాడు. స్వీడన్ చూసి వచ్చి, 2013లో మరణించేవరకు ఆ ఊరివాడిగానే ఉండిపోయాడు.