కాయకమునకును మేర గలదు

ఆలూరు సీమలో రోగము ముదిరినవానిని ఆదోనికిగాని, కర్నూలు పెద్దాసుపత్రికిగాని, సరిహద్దు దాటి బళ్ళారికిగాని కొనిపోవుట వాడుక. ఎచ్చటికి పోయినను చేరునది కొద్దిమంది నిపుణుల ముంగిటికే. మత్తు వైద్యుడైనను, కాన్పుల వైద్యురాలైనను రాత్రియెల్ల మేల్కొని, తెల్లవారి మరల ఓ.పి.లో కూర్చుండవలెను. వరుసలో నున్నవానికి ఆ సంగతి తెలియదు. వాని నొప్పి వానిది.

ఇట్టి శ్రమ యేండ్లతరబడి సాగినపుడు కలుగు స్థితికి 1974లో అమెరికాలో ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వవేత్త ‘బర్నౌట్’ అను పేరు వాడెను. చమురు తీరి వత్తియే కాలుట యన్నమాట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని రోగముగా గాక, వృత్తివలన కలుగు స్థితిగా పేర్కొన్నది. సత్తువ యుడుగుట, పనిపై ఏవగింపు, తన పనివలన ఫలము లేదను తలంపు దీని లక్షణములు. వీనిలో రెండవదే భయంకరము. రోగిని మనిషిగా గాక మంచము సంఖ్యగా చూచు కన్ను అచ్చటనే పుట్టును. ఆ వైద్యుడు కఠినుడని జనులు నిందింతురు. అతడు కఠినుడై పుట్టలేదు.

కాయకమే పూజ గదా, ఎంత చేసిన నంత పుణ్యము గదా యని కొందరందురు. ఇది సగము మాట. ఆయ్దక్కి మారయ్య శరణుల ముంగిట రాలిన బియ్యమేరి దాసోహము చేయువాడు. ఒకనాడు నిత్యముకంటె నధికముగా తెచ్చెను. లక్కమ్మ మెచ్చలేదు; మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మనెను. ఈ కథను ధనలోభమునకే అన్వయింతురు గాని, శ్రమకును ఇది వర్తించును. ఒకడు తనకు మించి మోయు బరువు వేరొకరు మోయవలసినది. పదుగురుండవలసిన చోట ఇద్దరిని నిలిపి, వారిని దేవుళ్ళని పొగడుట న్యాయము కాదు. పొగడ్త నిద్రకు బదులు కానేరదు. శరణులలో వైద్య సంగణ్ణయు నొకడు. వైద్యము కాయకమే గాని బలిపీఠము కాదు.

రెసిడెంటు వైద్యులకు సాధారణముగా దినమునకు 12 గంటలకు మించి ఎడతెగని విధి కూడదని కేంద్రము 1992లోనే చెప్పెను. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన సంఘము వారమునకు 74 గంటలు మించరాదనియు, ఒక దినము సెలవుండవలెననియు సూచించెను. ఆ సంఖ్యను మేరగా చెప్పవలసి వచ్చిన దనగా, వాస్తవమెట్లున్నదో ఊహింపవచ్చును!

నియామకములు ప్రభుత్వము పని. వానికై అడుగుట మఠములును చేయదగిన పని. ఇంటివారు చేయదగినదియు గలదు. చిన్న జ్వరమునకు మొదట ఊరి ఆరోగ్య కేంద్రమునకే పోవచ్చును. ఒక రోగి వెంట పదిమంది పోయి ఒకే ప్రశ్నను పదిమార్లు అడుగుట మానవచ్చును. రాత్రి విధిలో నున్న వైద్యురాలికి, నర్సుకు, ఆయాకు రెండు జొన్నరొట్టెలు అందించినచో అదియు దాసోహమే.