తెలియనిది ఎవరికి?

చరిత్రను అభ్యసించినవారు తరచుగా వాడే మాటలలో ‘అంతగా తెలియని చరిత్ర’ అనేది ఒకటి. వినడానికి అది నిరపాయమైన మాట. అయితే తెలియనిది ఎవరికి అని ప్రశ్నించుకుంటే మాత్రం మనస్సు కొంత ఇబ్బంది పడుతుంది. భిలాయి ఉక్కునగరంలో ఒక ఉదయం స్థానికులైన ఒక పెద్దాయన వెంట కాలినడకన తిరిగినప్పుడు ఈ ప్రశ్న నాకు ఎదురైంది. అప్పటినుండి అది నన్ను విడవలేదు.

భిలాయి గురించి అందరికీ తెలిసిన చరిత్ర స్వల్పమేమీ కాదు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు అన్న తొలి లక్ష్యం కాలక్రమాన నలభై లక్షలకు పెరిగింది. రాజ్‌హరా కొండల ఇనుప ఖనిజం, నందిని సున్నపురాయి ఇక్కడ ఉక్కుగా మారాయి, ఇక్కడి రైలు పట్టాలు దేశమంతటా పరచుకున్నాయి. పాఠ్యపుస్తకాలలో చోటు చేసుకున్నది ఈ చరిత్రే. ఇది సత్యం, గర్వకారణం కూడా.

నాకు దారి చూపిన పెద్దాయన కర్మాగారంలో పనిచేసి విరమించినవారు. వారి తండ్రి శ్రీకాకుళం ప్రాంతం నుండి పలుగూ పారా పట్టుకుని వచ్చారట. 1931లో పూర్తయిన విజయనగరం-రాయపూరు రైలుమార్గం ఉత్తరాంధ్ర పల్లెలకు ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని దగ్గర చేసింది. కరువులోనూ కూలి కోసమూ ఆ దారి పట్టినవారి సంతానం నేడు భిలాయిని సొంత ఊరనే చెప్పుకుంటుంది. సెక్టారు ఆరులో మసీదు, చర్చి, గురుద్వారా ఒకే పరిసరాలలో కనిపిస్తాయి. వచ్చినవారందరికీ ఈ నగరం చోటిచ్చిందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

తిన్నని వీథులు, వరుస తప్పని క్వార్టర్లు, అంకెలే పేర్లయిన సెక్టార్లు దాటి రువాబాంధా వైపు నడిచాము. ఒక చెరువు గట్టున, వేపచెట్టు నీడలో సిందూరం పూసిన రాళ్లు కనిపించాయి. శీతలామాత గుడి అని ఆయన చెప్పారు.

“ఇది ఏ సెక్టారు కిందికి వస్తుంది?” అని అడిగాను.

“సెక్టారు తరవాత వచ్చింది బాబూ. ముందు ఊరుంది, చెరువుంది. మా నాన్న వచ్చేనాటికి ఈ గట్టు మీదే జాతర జరిగేదట. మేమూ పైనుంచి వచ్చినవాళ్లమే కదా, అందుకే పేర్లు మరిచిపోకూడదని తిరుగుతుంటాను” అన్నారాయన.

రువాబాంధా, రిసాలీ, మరోదా మొదలైనవి పల్లెల పేర్లు. కొన్ని పేర్లు నగరంలో నిలిచాయి, మరికొన్ని పల్లెలు అంకెల కిందికి వెళ్లిపోయాయి. తొలిరోజులలో వంతెనలకూ కొలుములకూ నరబలి ఇస్తారన్న వదంతులు పల్లెలలో వ్యాపించి, చాలామంది కర్మాగారపు పనికి జంకారని మానవశాస్త్రజ్ఞుడు జొనాథన్ ప్యారీ రాశారు. దానిని మూఢనమ్మకమని కొట్టివేయడం సులభం. కాని తరతరాల పొలమును ఒక్క ఉత్తర్వుతో కోల్పోయిన రైతు, ఈ యంత్రం ఏదో ఒకటి బలి కోరుతుందని భావించడంలో అసత్యం ఎంత?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక ప్రజాప్రయోజన నిర్మాణానికి భూసేకరణ దస్త్రాలు నా చేతిమీదుగా సాగాయి. సర్వే నంబరు, విస్తీర్ణం, పరిహారం, ఈ మూడు గడులు నింపి సంతకం చేసేవాడిని. ఆ ఊరి చెరువు పేరేమిటో, గట్టున ఏ దేవత ఉన్నదో నేను అడగలేదు. అందుకు ఫారములో గడి లేదు. చరిత్రలో పట్టా పొందినవాడిని కనుక నా తప్పు ఇతరులకంటె ఎక్కువే.

అధికసంఖ్యాకుల మేలు కోసం కొందరు నష్టపోవడం అనివార్యమని వాదించేవారున్నారు. భిలాయి వంటి నగరం లేకుంటే లక్షల కుటుంబాలకు జీవిక, చదువు, వైద్యం ఎక్కడివని వారు అడుగుతారు. ఆ వాదాన్ని నేను తోసిపుచ్చలేను. నిర్వాసితులలోనూ కర్మాగారంలో ఉద్యోగం పొంది బాగుపడినవారున్నారు. అయితే త్యాగం అన్న మాటకు ఒక నియమం ఉంది. ఇచ్చినవాడు తెలిసి ఇస్తేనే అది త్యాగం. తీసుకున్నవాడు దానిని గుర్తుంచుకుంటేనే కృతజ్ఞత. అడగకుండా తీసుకుని, పేరు కూడా మరచి, దానికి త్యాగమని పేరు పెట్టడం న్యాయం కాదు.

జ్ఞాపకం పొరబడవచ్చును, నిజమే. పెద్దాయన చెప్పినదంతా రికార్డులతో సరిచూడవలసినదే. కాని రికార్డు కూడా ఎవరో ఒకరి జ్ఞాపకమే. గడులు గీసినవాడు అవసరమనుకున్నది మాత్రమే అందులో మిగులుతుంది. ఒకదానితో ఒకటి సరిచూడవలసిన ఈ రెండింటిలో మనం ఒకదానినే భద్రపరచుకున్నాము.

అహమదాబాదులో 1997 నవంబరులో మొదలైన వారసత్వ నడక వంటివి నేడు పలు నగరాలలో ఉన్నాయి. అవి హర్షణీయమే. కాని ఇతరుల నష్టాన్ని వినోదంగా చూచి ఇంటికి పోయే ప్రమాదం కూడా ఆ నడకలో ఉన్నది. విన్నవాడికి ఒక బాధ్యత ఏర్పడుతుంది. పోయిన పొలం తిరిగి రాదు, పేరు చెప్పినంత మాత్రాన పరిహారం చెల్లినట్లూ కాదు. అయినా పేరే తెలియనివారికి న్యాయం చేయడం ఎవరికి సాధ్యం?

భిలాయి చరిత్ర ఆ పల్లెవాసులకు ఎన్నడూ తెలియనిది కాదు. తెలియనిది మనకు. వారిని అడగలేదు కనుక తెలియలేదు. ఇటీవల ఒక భూసేకరణ దస్త్రం మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది. గడులన్నీ సరిగానే నింపి ఉన్నాయి. సంతకం చేసే ముందు దానిని పక్కన పెట్టి, ఆ ఊరికి వెళ్లడానికి ఒక రోజు కేటాయించుకున్నాను.