ప్రధానోపాధ్యాయుని అధికారము ఎవరిది?

ప్రాథమిక పాఠశాల పెద్ద తన అధికారమును తోటివారితో పంచుకొనవలెనని నేడు పలువురు చెప్పుచున్నారు. మంచి మాటయే. అయితే అధికారము పంచుకొన్నవాని బాధ్యత తగ్గునా? ఈ ప్రశ్నను నిదానముగా ఆలోచింతము.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము చొప్పున, ఐదవ తరగతి వరకు గల బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. పిల్లలు 150 మందికి మించినప్పుడే, ఐదుగురు ఉపాధ్యాయులకు తోడు ఒక ప్రధానోపాధ్యాయుడు ఉండవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. కాబట్టి చిన్న ఊరి బడిలో పెద్దగా నున్నవాడే పాఠము చెప్పవలెను, హాజరుపట్టీ చూడవలెను, మధ్యాహ్న భోజనపు లెక్క వ్రాయవలెను. సమస్తమును తన చేతిలోనే ఉంచుకొనినచో, అతడు మండల కార్యాలయమునకు వెళ్లిన దినమున బడి కుంటుపడును.

ఆ చట్టమే ప్రభుత్వ బడులకు యాజమాన్య సంఘమును కూడ విధించినది. అందులో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులు లేక సంరక్షకులు. సభ్యులలో సగము మంది స్త్రీలు. బడి అభివృద్ధి ప్రణాళికను సిద్ధపరచుటయు, వచ్చిన నిధుల వినియోగమును కనిపెట్టుటయు వారి పనులు.

అయితే పని పంచుట వేరు, నాయకత్వము పంచుట వేరు. నిర్ణయము ముందే వ్రాసిపెట్టి, ఒక తల్లిని పిలిచి సంతకము చేయవలసిన చోటు చూపినచో ఆమెకు దక్కినదేమి? చిన్న ఉపాధ్యాయునికి రిజిస్టర్ల బరువు మాత్రమే అప్పగించినచో అది నాయకత్వమగునా? లెక్కలు విప్పి చూపుట, నిర్ణయమునకు ముందే అడుగుట, “ఇది తగదు” అను మాటను కోపము లేక వినుట, ఇదియే నిజముగా పంచుకొనుట.

పదిమంది పని ఎవరి పనియు కాదని కొందరు భయపడుదురు. ఆ భయము వట్టిది కాదు. భోజనము తిన్న బిడ్డకు జబ్బుచేసినచో తండ్రి ఎవరి నడుగవలెను? కనుక ఎవరి పని ఏదో స్పష్టముగా చెప్పవలెను. కడపటి జవాబు మాత్రము పెద్దయే చెప్పవలెను. తోటి ఉపాధ్యాయుడు అందరి సమ్మతితో చేపట్టిన క్రొత్త బోధనా పద్ధతి ఫలింపక, తనిఖీకి వచ్చిన అధికారి ప్రశ్నించినప్పుడు, “మేము కలసి నిర్ణయించితిమి, జవాబు నాది” అనగలవాడే అధికారమును పంచుకొనుటకు తగినవాడు. మెప్పును పంచవలెను, నిందను ఇతరుల మీదికి నెట్టరాదు.

అధికారము సొత్తు కాదు, పిల్లల నిమిత్తము అప్పగింపబడిన పని. వారము దినముల సెలవు తరువాత తిరిగివచ్చి, తాను లేకయే బడి చక్కగా జరిగెనని వినినప్పుడు మనస్సు సంతోషించునో, చిన్నబోవునో, ప్రతి పెద్దయు తన్ను తాను పరీక్షించుకొనునుగాక.