మాట లేని చీటీ

నా బల్ల మీద పాత చెప్పుల పెట్టె ఒకటుంది. దాని నిండా చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక మాట, దాని కింద అర్థం, చెప్పినవాళ్ల ఊరు, చెప్పిన తేదీ. అన్నీ మిరప చేలో, కళ్లంలో, మిర్చి యార్డుకు పోయే దారిలో వినిపించే మాటలే. బడి పంతులు ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలూ సెలవులూ కలుపుకుని 11 ఏళ్లుగా పోగేస్తున్నాను. వాటిలో ఒక చీటీ మీద అర్థం ఉంది, ఊరుంది, తేదీ ఉంది. మాట మాత్రం లేదు.

ఆ తేదీ ఫిబ్రవరిలో ఒక ఆదివారం. మేడికొండూరు దాటాక రోడ్డు పక్కనే కళ్లం. పట్టల మీద కాయ ఎర్రగా పరిచి ఉంది. మా వైపు మిరపకాయను ‘కాయ’ అంటే చాలు, వేరే పేరక్కర్లేదు. ఆడవాళ్లు ఏడెనిమిదిమంది ముక్కుకు తువ్వాలు చుట్టుకుని తాలు ఏరుతున్నారు. ఎండలో రంగు పోయి తెల్లబారినదీ, మచ్చపడినదీ తాలు. యార్డులో కొనేవాడు టిక్కీలోకి, అంటే కాయ బస్తాలోకి, చెయ్యి దూర్చి అడుగునుంచి కాయ లాగి చూస్తాడు. అందులో తాలు కనబడిందా, రేటు అక్కడే పడిపోతుంది. నేను మాట్లాడుతున్న పెద్దమ్మకు ఎనభై దగ్గర పడ్డాయి. ఎడమ చేత్తో కాయను పలచగా జరుపుతోంది, కుడి చేత్తో తాలు తీసి పక్కకు విసురుతోంది. విసిరిన వైపు ఒక్కసారీ చూడలేదు. మాట్లాడుతూనే ఉంది, చెయ్యి ఆగలేదు, ఎర్రకాయ ఒకటి కూడా పొరపాటున తాలులో పడలేదు.

తన చిన్నప్పటి సంగతి చెబుతోంది. కోసుకొచ్చిన కాయను అప్పట్లో ఇంట్లో కుప్ప పోసి, పైన గోతాలు కప్పి, రెండు రాత్రులు మగ్గబెట్టేవాళ్లట. మూడోనాడు పొద్దున్నే వాళ్ల నాన్న కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి చూసేవాడట. లోపల్నుంచి ఒక వేడి, దాంతోపాటు ఒక తీపి వాసన తగిలేవట. ‘‘దాన్ని మేం ఏమంటామంటే...’’ అంది.

ఆ క్షణంలో నా చేతిలో ఫోన్ మోగింది. ఆమె మాటలు రికార్డు చేస్తున్నది ఆ ఫోన్‌లోనే. కాల్ కట్ చేశాను. కట్ చేస్తున్నప్పుడే పైన ఒక మెసేజ్ కనబడింది: తేజ రకం కాయ రేటు ఎంత పలుకుతోందని రేట్ల గ్రూపులో ఎవరో అడిగారు. చదివాను. నాకు మిరప చేను లేదు. తమ్ముడికి ఉంది. ఆ రేటుతో ఆ నిమిషంలో నాకు ఏ పనీ లేదు. మూడు నాలుగు సెకన్లు అయి ఉంటుంది. తలెత్తేసరికి పెద్దమ్మ గోతాల దగ్గరికీ, ఎలుకల దగ్గరికీ వెళ్లిపోయింది. కాల్ రాగానే రికార్డింగ్ ఆగిపోయింది.

‘‘పెద్దమ్మా, ఇందాక ఆ వేడికి ఏదో మాట అన్నావు?’’

‘‘ఏందబ్బాయ్ నేనన్నది?’’ అని కాసేపు ఆలోచించింది. ‘‘నోటిదాకా వచ్చి పోతంది. మళ్లా గుర్తొస్తే చెప్తాలే.’’

ఇది జరిగినప్పటి నుంచీ ధ్యాస అనే దాని గురించి ఆలోచిస్తున్నాను. ఫోన్ చెడ్డదని చెప్పి చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు. ఆ పెట్టెలోని మాటల్లో సగం ఫోన్ లేకపోతే దొరికేవి కావు. వినుకొండ నుంచీ మార్కాపురం నుంచీ ఎవరెవరో గొంతు రికార్డు చేసి పంపారు. నన్ను పనిలోంచి లాగిందేదో పాటా సినిమా అయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. లాగింది మిరప రేటు. నా పని మిరప మాటలు. రెండూ ఒకే చేలోవి. ఇన్నేళ్లూ నన్ను ఎక్కువగా దారి తప్పించినవి ఇలా పనికి చుట్టాల్లా వచ్చినవే. ఒక మాట ఎక్కడిదో చూద్దామని నిఘంటువు తెరుస్తాను. అక్కడినుంచి ఒక వ్యాసం, ఆ వ్యాసం కింద ఎవరిదో వీడియో, దాని పక్కన ఇంకోటి. గంటన్నర తర్వాత చూసుకుంటే మొదట ఏ మాట కోసం వచ్చానో గుర్తుండదు. పని చేసినట్టే అనిపిస్తుంది, కళ్లు కూడా అలిసిపోతాయి, చీటీ ఒక్కటీ పెరగదు.

మన భాషలో దీనికి పరధ్యానం అనే మాట ఉంది. చిన్నప్పటినుంచి తిట్టుగానే విన్నాను. చీటీ మీద రాసుకుని చూస్తే తెలిసింది, అందులో ధ్యానం చెక్కు చెదరకుండా ఉందని. ఆ మూడు సెకన్లు నా మనసు చెదరలేదు. నిలకడగానే ఉంది, కాకపోతే పరాయి చోట ఉంది. మనకు ఏకాగ్రత తగ్గిపోయిందని అందరూ అంటారు. తగ్గితే రాత్రి 1 గంట దాకా రెప్ప వేయకుండా ఫోన్ తెర చూడగలమా? ఉన్న ధ్యాసంతా ఎవరింటికో కూలికి పోతోంది. ఆ కూలి డబ్బులు కూడా మనకు రావు.

2021 చలికాలంలో ఇదే సంగతి తమ్ముడి చేలో ఇంకా ఘోరంగా చూశాను. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది అది. మన దేశంలో ఆ పురుగు 2015లో బొప్పాయి మీద కనబడిందని శాస్త్రవేత్తలు రాశారు. ఆరేళ్లు తిరిగేసరికి గుంటూరు మిరప పూతలో చేరింది. పువ్వులో దాక్కుని రసం పీలుస్తుంది, పూత రాలుతుంది, కాయ నిలవదు. తమ్ముడి ఫోన్‌లో నాలుగు గ్రూపులు. పొద్దున ఒకరు ఒక మందు పేరు పెడతారు, సాయంత్రానికి ఇంకొకరు అది పనిచేయదని ఇంకో పేరు పెడతారు, మధ్యలో దిగులు పుట్టించే వీడియోలు. గట్టు మీద నిలబడి వాడు ఫోన్ చూస్తాడు, దుకాణానికి పరిగెత్తుతాడు, కొడతాడు, మళ్లీ ఫోన్ చూస్తాడు. 15 రోజుల్లో ఆరుసార్లు కొట్టాడు. వాడిని తప్పు పట్టలేను. మూడెకరాల పెట్టుబడి కళ్లముందు ఎండుతుంటే చేతులు ముడుచుకుని కూర్చోమని ఏ నోటితో చెప్తాం?

పక్క చేను ఒక బాబాయ్‌ది. ఆయన దగ్గరా ఫోన్ ఉంది, చొక్కా జేబులో. తెల్లవారుతుండగానే చాళ్ల మధ్యకు వచ్చి ఒక పువ్వు తుంచి, అరచేతిలో దులిపి, మంచు వెలుగులో కంటికి దగ్గరగా పెట్టుకునేవాడు. అరచేతి గీతల మీద ఆవగింజలో పదో వంతు ఉన్న నల్లటి నలుసులు కదిలేవి. లెక్క పెట్టేవాడు. పది అడుగులు నడిచి మళ్లీ ఒకటి. తర్వాత ఆకు తిప్పి చూసేవాడు. ఆకు అంచులు పైకి లేచి పడవలా ఉంటే పై ముడత, తామర పురుగు పని. కిందికి వంగి తిరగబడిన పడవలా ఉంటే కింది ముడత, అది నల్లి పని. ఆ రెంటికీ కొట్టే మందులు వేరు. ఒక్క ‘పై’, ఒక్క ‘కింది’. ఆ రెండు చిన్న మాటల్లో తరాల చూపు ఉంది. గ్రూపులో వచ్చిన ఫొటోలో ఆ తేడా ఎవరికీ కనబడదు, ఆకు దగ్గరికి వెళ్లి వంగినవాడికే కనబడుతుంది.

బాబాయ్ పంట నిలిచిందని రాస్తే బాగుండేది. నిలవలేదు. ఆ ఏడు చాలామందికి పోయినట్టే ఆయనకూ సగానికి పైగా పోయింది. మందుల దుకాణంలో బాకీ మాత్రం తమ్ముడికి ఉన్నంత లేదు. తర్వాతి ఏడు జిగురు పూసిన నీలి అట్టలు ఎప్పుడు కట్టాలో, ఎంత ఎత్తులో కట్టాలో ఆయన తన చేను చూసే నిర్ణయించుకున్నాడు.

ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా ఒక సంగతి నాకు గట్టిగా అనిపిస్తుంది. పువ్వులో దూరిన పురుగు మోగదు. ఎనభై ఏళ్ల మనిషి నోట్లో ఆఖరుసారిగా మిగిలి ఉన్న మాట మోగదు. నిజంగా గడువు దగ్గరపడ్డ పనులు ఇలా నోరు మూసుకునే ఉంటాయి. మోగేవన్నీ రేపు చూసినా కొంపలు మునగనివి. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు ఒక మాట ఖర్చయింది.

నాకంటే ముందు ఈ పని చేసినవాళ్లు గుర్తొస్తే సిగ్గూ వేస్తుంది, ధైర్యమూ వస్తుంది. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి నుంచి సేకరించిన మాటలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన వ్యవసాయ పదాల సంపుటం అది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. ఇంటి కట్టుబడి పదాల పని వేటపాలెంలో పుట్టిన బూదరాజు రాధాకృష్ణ గారు చేశారు. అంటే నాగలికీ మగ్గానికీ గోడకీ సంబంధించిన మాటలను ఓపిగ్గా ఏరి పెట్టినవాళ్లలో ఇద్దరు ఈ నేల మీదివాళ్లే. వాళ్ల కాలంలో ఆటంకాలు లేవనుకోను. కృష్ణమూర్తి గారు 1986 నుంచి 1993 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉపకులపతి. ఆ కుర్చీలో కూర్చున్నవాడి గది ముందు మనుషులూ ఫైళ్లూ ఎప్పటికీ తరగవు. అయినా 1961లో తెలుగు ధాతువుల మీద పుస్తకం తెచ్చిన మనిషి, 2003లో, డెబ్బై దాటాక, ద్రావిడ భాషలన్నిటి మీదా కేంబ్రిడ్జి వాళ్లు వేసిన పెద్ద గ్రంథం రాశారు. నలభై ఏళ్లకు పైగా ఒకే పొలం దున్నారు.

చేనేత సంపుటం వచ్చిన 1971లోనే, అమెరికాలో హెర్బర్ట్ సైమన్ అనే ఆర్థికవేత్త, సమాచారం రాశిగా పోగుపడిన చోట ధ్యాసకు కరువొస్తుందని చెప్పాడు. సమాచారం తినేది మనిషి ధ్యాసనేనట. కరువు అంటే ఏమిటో గుంటూరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1832–33లో వచ్చిన డొక్కల కరువును ఈ జిల్లా ఇప్పటికీ మరిచిపోలేదు. గింజ లేక వచ్చిన కరువది. ఇప్పటిది గాదె పొంగిపొర్లుతుంటే వచ్చిన కరువు. అందుకే కడుపు కాలుతున్నట్టు కూడా మనకు తెలియడం లేదు.

గత వేసవిలో రెండు రోజులు వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చున్నాను. 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేసిన చోటు. పాత పత్రికల కట్టలు తెప్పించుకున్నాను. ఆ కాగితం గట్టిగా తిప్పితే విరుగుతుంది. రెండు చేతులూ కావాలి, ఊపిరి కూడా నెమ్మదిగా వదలాలి. మధ్యాహ్నానికి గమనించాను, సంచిలోని ఫోన్ గుర్తు రాక నాలుగు గంటలైంది. నేనేమీ నిగ్రహించుకోలేదు. రెండు చేతులకూ పని ఉంది, అంతే. పెద్దమ్మ కళ్లంలో ఉన్న రహస్యం కూడా ఇదేనేమో. ఆమె దేన్నీ వదిలించుకోవడం లేదు. చేతికింద కాయ ఉంది, అందులో తాలు ఉంది.

పెద్దమ్మ మాట జారిపోయిన తర్వాత నా పద్ధతి కొంత మార్చుకున్నాను. రికార్డు చేయడానికి విడిగా చిన్న యంత్రం ఒకటి కొన్నాను, దానికి ఎవరూ ఫోన్ చేయలేరు. వినేటప్పుడు చేతిలో చీటీ, పెన్సిలు ఉంటాయి. ఫోన్ స్కూటర్ డిక్కీలో. రేట్ల గ్రూపులోంచి బయటికి వచ్చేశాను, తమ్ముడు రెండు రోజులు కినుక వహించాడు. ఇవన్నీ చేసినా, రాత్రి చీటీలు సర్దుకునేటప్పుడు చెయ్యి దానంతటదే జేబు వైపు పోతుంది. ఇంకా పోతూనే ఉంది.

మార్చి ఆఖరున మళ్లీ ఆ కళ్లానికి వెళ్లాను. ఆఖరి కోత కాయ అప్పుడే వచ్చింది. పెద్దమ్మ నన్ను చూసి, ‘‘మాట రాలేదబ్బాయ్’’ అంది, నేనడగకుండానే. వేరే మాటలు మూడు చెప్పింది, రాసుకున్నాను. వెళ్లబోతుంటే ఆగమని, ఇంటి పంచలోకి తీసుకెళ్లింది. మూలన చిన్న కుప్ప, పైన గోతం. మనవడితో పోయించి రెండు రాత్రులు మగ్గబెట్టిందట. గోతం ఒక వైపు ఎత్తి, ‘‘పెట్టు, చెయ్యి పెట్టి చూడు’’ అంది.

చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా పోనిచ్చాను. పైన కాయ చల్లగా ఉంది. జానెడు లోపలికి వెళ్లేసరికి తగిలింది, దూడ ఊపిరి లాంటి వెచ్చదనం, దాని వెనకే తీపిగా ఘాటుగా వాసన. ‘‘తగిలిందా?’’ అంది. తగిలిందన్నాను. ఆమె కూడా పక్కనుంచి చెయ్యి లోపలికి పెట్టి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. నేనూ చెయ్యి తీయలేదు. ఆ రాత్రి తెల్లవార్లూ మోచేతి దాకా మండుతూనే ఉంది.